చలికొండకు పలుచని ఫ్లీస్ ఎందుకు?

నవంబరు చివరికి వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. ఆఫీసులో కుర్రాళ్లు, మా అపార్ట్‌మెంట్ పిల్లలు, ఎప్పుడో నాతో అనంతగిరి వచ్చి నడక రుచి మరిగినవాళ్లు. డిసెంబరు సెలవులకు హిమాలయాల్లో కేదార్‌కంఠకో సందక్‌ఫూకో కొండ నడకకని డబ్బు కట్టేసి ఉంటారు. షాపులో నిలబడి, రెండు ఫ్లీస్‌లు (నూగు లేపిన బట్టతో కుట్టే చలి చొక్కాలు) చేతుల్లో పట్టుకుని వీడియో కాల్ చేస్తారు. "అన్నా, ఇది పల్చగ ఉంది, ఇది మందంగ ఉంది. మందందే తీసుకోమంటవా?" పక్కనుంచి వాళ్లమ్మ గొంతు వినిపిస్తుంది: "మందందే తీసుకో బిడ్డా, ఆడ మంచు పడ్తదంట."

ఆమె మాటలో తప్పు పట్టడానికి లేదు. హైదరాబాద్‌లో చలి అంటే మనకు తెలిసింది జనవరి తెల్లవారుజాము. పన్నెండు, పదమూడు డిగ్రీలు. ఎప్పుడైనా ఒక వారం పదికి దిగితే పేపర్లో వార్త. ఆ చలిలో మనం చేసే పనులేమిటి? బస్టాపులో నిలబడటం, బండి మీద వెళ్లడం, టీ కొట్టు దగ్గర చేతులు కాచుకోవడం. ఒళ్లు కదలనప్పుడు మందం బట్ట మంచిదే. మంకీ క్యాప్, స్వెట్టర్, పైన శాలువా. మన అనుభవమంతా ఇదే కాబట్టి కొండకు వెళ్లేటప్పుడు కూడా ఇదే లెక్క మూటగట్టుకుని వెళ్తాం. వీపున ఎనిమిది కిలోల సంచితో ఎక్కేవాడికి ఈ లెక్క పనికిరాదు. అందుకే ఫోన్ చేసినవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను: "ఇది నడిచేటప్పుడు వేసుకోవడానికా, ఆగినప్పుడు వేసుకోవడానికా?"

ఈ ప్రశ్న నాకు ఎవరూ వేయలేదు. మొదటిసారి కేదార్‌కంఠ వెళ్లినప్పుడు షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా మందంగా ఉన్న ఫ్లీస్ కొన్నాను. నడక మొదలయ్యే సాంక్రి ఊరు సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి దారి పైన్ చెట్ల మధ్యగా పైకి లేస్తుంది. ఉదయం చలికి భయపడి ఫ్లీస్ గొంతుదాకా జిప్ పెట్టుకుని బయల్దేరాను. అరగంటలో లోపలి బనియన్ పిండితే నీళ్లు కారేట్టు ఉంది. అలాగే ఎక్కాను. మధ్యాహ్నం మ్యాగీ గుడారం దగ్గర ఆగాం. ఎండ కొండ వెనక్కి పోయింది. పది నిమిషాల్లో పళ్లు కొట్టుకోవడం మొదలైంది. అంత మందం బట్ట ఒంటిమీద ఉండగానే! రాత్రి గుడారంలో ఆ తడి ఆరలేదు. మర్నాడు వేరే దారి లేక ఒంటికి అంటుకునే పలుచని థర్మల్ బనియన్, పైన విండ్‌చీటర్ మాత్రమే వేసుకుని నడిచాను, హాయిగా నడిచాను. నన్ను వణికించింది నా చెమటేనని అప్పుడు తెలిసింది.

దీని వెనక లెక్క కష్టమైనదేం కాదు. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు దాదాపు వంద వాట్ల వేడి పుట్టిస్తుంది, పాతకాలపు వంద వాట్ల బల్బంత. సంచి మోస్తూ ఎత్తు ఎక్కేటప్పుడు అది నాలుగైదు రెట్లవుతుంది. మన కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే మనల్ని పైకి లేపుతుంది, మిగతాదంతా వేడే. ఆ వేడిని వదిలించుకోవడానికి ఒళ్లు చెమట పోస్తుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడి వెళ్లిపోతుంది. అద్భుతమైన ఏర్పాటు. కానీ ఆ ఆవిరి బయటికి పోవడానికి దారి ఉండాలి. లేకపోతే అది బట్టలోనే చల్లబడి మళ్లీ నీరవుతుంది. కదలని గాలితో పోలిస్తే నీరు వేడిని దాదాపు ఇరవై ఐదు రెట్లు వేగంగా లాగేస్తుంది. నడుస్తున్నంతసేపు ఒంట్లో పుట్టే వేడి ఆ నష్టాన్ని పూడుస్తుంది, మనకు తెలియదు. ఆగిన మరుక్షణం బల్బు వంద వాట్లకు పడిపోతుంది, తడి మాత్రం అలాగే ఉంటుంది.

కాబట్టి ఒంటిని అంటుకునే థర్మల్‌కూ, పైన వేసుకునే గాలి-వాన జాకెట్‌కూ మధ్య ఉండే ఫ్లీస్‌కు ఒకదానికొకటి పడని రెండు పనులు ఉంటాయి. కొంత వేడిని పట్టి ఉంచాలి, ఆవిరిని మాత్రం ఆపకూడదు. మందం పెరిగేకొద్దీ మొదటి పని బాగుంటుంది, రెండో పని పాడవుతుంది. నడకకు కొనేటప్పుడు నేను ఎప్పుడూ రెండో పని వైపే మొగ్గుతాను. వేడి మన దగ్గర కావలసినంత ఉంది, అది మన కాళ్లలోనే పుడుతోంది.

ఫ్లీస్ చూసినప్పుడల్లా నాకు గొంగడి గుర్తొస్తుంది. మా అమ్మమ్మ వాళ్లది పాలమూరు వైపు. గొర్లకాపరుల భుజం మీద నల్ల గొంగడి లేని రోజు చూడలేదు నేను. దక్కనీ గొర్రెల ఉన్ని, ఆడవాళ్లు వడికిన నూలు, గుంటమగ్గం మీద నేత, చింతగింజల గంజి పట్టించిన గట్టిదనం. వానొస్తే దాన్నే నెత్తిమీంచి గుడిసెలా కప్పుకుని మంద దగ్గర నిలబడేవాళ్లు. వెచ్చదనం ఉన్నిలో లేదు, ఉన్ని పోగుల మధ్య చిక్కుకుని కదలకుండా ఉండిపోయిన గాలిలో ఉంది. ఫ్లీస్‌లోనూ అంతే. తేడా తడి దగ్గర వస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమను పోగు లోపలికి తాగి కూడా ఒంటికి తడిగా తగలదు. ఫ్లీస్ పాలిస్టర్. మామూలు గాలిలో అది పట్టుకునే తేమ తన బరువులో అర శాతం కూడా ఉండదు. పత్తి అయితే ఎనిమిది శాతం దగ్గర ఉంటుంది. పోగు తాగదు కాబట్టి ఫ్లీస్‌లో నీరు పోగుల మధ్యే నిలుస్తుంది. గట్టిగా దులిపితే సగం పోతుంది, ఒంటి వేడికి మిగతాది ఆరిపోతుంది. నిలబడి మంద కాసేవాడికి గొంగడిని మించింది లేదు. పైకి ఎక్కేవాడికి ఫ్లీస్ కావాలి.

దీని పుట్టుక కూడా ఉన్నిని చూసే జరిగింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం లారెన్స్ పట్టణంలోని మాల్డెన్ మిల్స్ అనే బట్టల మిల్లు 1979లో పాలిస్టర్‌తో ఈ బట్ట తయారుచేసింది. అల్లిన బట్టను సన్నని తీగ పళ్లతో గీకి నూగు లేపుతారు, ఆ నూగును సమంగా కత్తిరిస్తారు, గాలి ఆ నూగులో నిలుస్తుంది. పటగోనియా కంపెనీతో కలిసి చేసిన మెరుగైన రకం 1985లో వచ్చింది. 1993 నుంచి వాడేసిన ప్లాస్టిక్ సీసాలతోనూ ఫ్లీస్ చేస్తున్నారు. సీసా, పాలిస్టర్ ఒకే పదార్థం కాబట్టి అది సాధ్యమైంది. ఆ మిల్లు వారసత్వమే ఇవాళ్టి పోలార్‌టెక్ అనే ఫ్లీస్ బట్టల బ్రాండ్.

ఇక్కడ మన ఊళ్లో ఒక పెద్ద చిక్కు ఉంది. కోఠీలోనో, ఆన్‌లైన్‌లోనో "ఫ్లీస్ హుడీ" అని కొంటే వచ్చేది చాలాసార్లు పత్తి బట్ట. తిరుప్పూర్ నిట్‌వేర్ వ్యాపారంలో లోపలివైపు నూగు లేపిన పత్తి అల్లికను కూడా ఫ్లీస్ అనే పిలుస్తారు, త్రీ థ్రెడ్ ఫ్లీస్ అంటే అదే. వాళ్ల మాట తప్పు కాదు, నూగు లేపిన ఏ అల్లికకైనా ఆ పేరు చెల్లుతుంది. ముట్టుకుంటే మెత్తగా, వెచ్చగా, ఎంతో బాగుంటుంది. కాలేజీకి వేసుకెళ్లడానికి మంచిదే. కొండ మీద మాత్రం ప్రమాదం. ఒకసారి తడిస్తే చలిలో రోజంతా ఆరదు, బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. కాబట్టి మెత్తదనం చూసి మోసపోకుండా మెడ వెనకో పక్క కుట్టులోనో ఉన్న చీటీ చదవండి. అందులో వంద శాతం పాలిస్టర్ అని ఉండాలి, లేదా పాలిస్టర్‌తో పాటు కొద్దిగా సాగే పోగు ఉండొచ్చు. పత్తి మాట ఎంత శాతం కనిపించినా పక్కన పెట్టేయండి. మెరినో ఉన్ని కలిసినవి మంచివే, ధర ఎక్కువ.

తర్వాత అందరూ తడబడేది జీఎస్‌ఎం దగ్గర. ఒక చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. పాత లెక్కలో వంద, రెండు వందలు, మూడు వందలు అని మూడు తరగతులుండేవి. వంద దగ్గరిది పలుచని మైక్రో ఫ్లీస్. రెండు వందలది మధ్యరకం, మామూలుగా మనం స్వెట్టర్ బదులు వేసుకునేది. మూడు వందలది శిబిరంలో కూర్చోవడానికి. నడకకు నా సలహా వందకూ నూట యాభైకీ మధ్య. కానీ ఈ అంకె బరువు చెబుతుందే తప్ప వెచ్చదనం చెప్పదు. ఒకే బరువున్న రెండు బట్టల్లో నూగు ఎత్తుగా, వదులుగా ఉన్నది ఎక్కువ గాలిని పడుతుంది, గట్టిగా అణిగినది తక్కువ పడుతుంది.

ఈ ఒక్క విషయం అర్థమైతే షాపులో కనిపించే రకాలన్నీ వాటంతటవే విడిపోతాయి. లోపలివైపు చదరంగం గళ్లలా ఎత్తుపల్లాలున్న గ్రిడ్ ఫ్లీస్ నాకు అన్నిటికన్నా ఇష్టం. గడి ఎత్తుగా ఉన్నచోట గాలి నిలుస్తుంది, గళ్ల మధ్య పల్లాల్లోంచి ఆవిరి వెళ్లిపోతుంది. అదే వెచ్చదనానికి బట్ట తక్కువ పడుతుంది, సంచిలో మడిస్తే చిన్నగా అవుతుంది. నేను ఆరేళ్లుగా వాడుతున్నది అదే, సగం జిప్పుది. రెండో రకం, ఈమధ్య బాగా పేరొచ్చినది, పోలార్‌టెక్ ఆల్ఫా లాంటిది. దీపం ముందు పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు, అంత పలుచన. చొక్కా మొత్తం నూటపాతిక గ్రాముల్లోపు తూగేవి కూడా ఉన్నాయి. పైన గాలి చొక్కా, అంటే గాలి ఆపే పలుచని విండ్‌చీటర్, వేస్తే బరువును మించిన వెచ్చదనం ఇస్తుంది, విప్పితే గాలి నేరుగా ఒంటికి తగులుతుంది. ముళ్లకంపకు తగిలితే చిరిగిపోతుంది, ధర కూడా చాలా ఎక్కువ. మొదటి ట్రెక్కుకు ఇది అక్కర్లేదు. పైన నున్నగా గట్టిగా ఉండే రకం సంచి పట్టీల రాపిడికి తట్టుకుంటుంది, రాళ్ల మీద పాకేవాళ్లకు మంచిది. బొచ్చు బొచ్చుగా గొర్రెపిల్లలా ఉండే టెడ్డీ రకం ఫొటోలకు అందంగా ఉంటుంది, సంచి నిండిపోతుంది, చెట్ల ఆకులన్నీ అంటుకుంటాయి.

ఒకదాని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. బట్ట లోపల గాలి ఆపే పొర అతికించిన ఫ్లీస్‌లు అమ్ముతారు. "అన్నా, ఇది గాలి కూడా ఆపుతది, రెండు పన్లు అయిపోతయి" అని అమ్మేవాళ్లు నిజంగానే నమ్మి చెబుతారు. ఎక్కేటప్పుడు ఆ పొరే శత్రువు. వేసుకుంటే ఉడికిపోతాం, విప్పితే వెచ్చదనమూ గాలి రక్షణా రెండూ ఒకేసారి పోతాయి. ఫ్లీస్ విడిగా, గాలి చొక్కా విడిగా ఉంటే కావలసినప్పుడు కావలసింది వేసుకోవచ్చు. గుప్పిట్లో పట్టే నైలాన్ గాలి చొక్కా వంద, నూట యాభై గ్రాములు ఉంటుంది. పలుచని ఫ్లీస్ మీద అది వేస్తే మందం ఫ్లీస్ ఒక్కటే ఇచ్చేదానికన్నా గాలిలో ఎక్కువ వెచ్చగా ఉంటుంది. ఎందుకంటే నూగులో నిలిచిన గాలిని ఊడ్చుకుపోయేది బయటి గాలి, దాన్ని ఆపితే చాలు.

ఇది నమ్మకపోతే జనవరిలో ఒక ఆదివారం ఉదయం ఆరింటికి ఫ్లీస్ వేసుకుని ట్యాంక్‌బండ్ మీద బండి నడపండి. చలి సూదుల్లా దిగుతుంది, ఫ్లీస్ దండగ అనిపిస్తుంది. చాలామంది ఇలాగే బండి మీద వేసి చూసి, పలుచనిది పనికిరాదని తిరిగిచ్చేస్తారు. బండి మీద గాలి ఉంటుంది, చెమట ఉండదు. కొండెక్కేవాడి పరిస్థితికి పూర్తిగా తలకిందులు. అదే ఫ్లీస్ మీద గాలి చొక్కా వేసి మళ్లీ నడపండి, తేడా తెలుస్తుంది. అసలు పరీక్ష పెట్టాలంటే ఖాజాగూడ గుట్టలు, మౌలాలి గుట్ట మెట్లు, ఇంకా మంచిది భువనగిరి కోట బండ, వీటిలో ఏదో ఒకటి చూసుకోండి. 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ తొలి పాఠాలు ఆ భువనగిరి రాతి మీదే నేర్చుకుంది. దక్కన్ ఎండలో పెరిగినవాళ్లకు మంచుకొండలు అందవని ఎవరైనా అంటే నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది. సంచిలో నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకుని, ఫ్లీస్ వేసుకుని ఆగకుండా ఇరవై నిమిషాలు ఎక్కండి. తర్వాత విప్పి లోపలివైపు వీపు దగ్గర తడిమి చూడండి. లోపలి థర్మల్ తడిగా ఉండి ఫ్లీస్ దాదాపు పొడిగా ఉంటే ఆవిరి దాటి పోతున్నట్టే. ఫ్లీస్ కూడా ముద్దగా అయిందంటే అది మీ నడకకు మందం ఎక్కువ.

షాపులోనే చేసుకోగలిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. బట్టను నోటికి ఆనించి ఊదితే అవతలికి ఊపిరి తేలిగ్గా వెళ్లాలి. థర్మల్ మీద వేసి చూడాలి, ఊరి చొక్కా మీద కాదు. ఒంటికి దగ్గరగా ఉండాలి, వదులుగా ఉంటే కదిలినప్పుడల్లా కింది నుంచి చలిగాలి లోపలికి వస్తుంది, అలాగని చేతులు పైకెత్తితే నడుము బయటపడకూడదు. భుజం మీద లావు కుట్టు ఉంటే సంచి పట్టీ కింద ఒరుసుకుపోతుంది. జేబులు సంచి నడుము బెల్టు కిందికి వచ్చేలా ఉంటే రోజంతా జిప్పు పొడుస్తూనే ఉంటుంది. ఆడవాళ్లకు మగవాళ్ల కొలతలవి తీసుకుంటే తుంటి దగ్గర పట్టేసి భుజాల దగ్గర వేలాడతాయి, వాళ్ల కోసం కుట్టినవే చూడాలి. పొడుగు జిప్పు ఉంటే దారిలో చల్లబడటం సులువు. టోపీ ఉంటే మంచిది, లేకపోతే ఒక ఉన్ని టోపీ విడిగా పెట్టుకుంటే సరి. ఇంట్లో వంటింటి కాటా మీద పెట్టి తూచండి. రెండు వందల యాభై, మూడు వందల గ్రాముల లోపు వస్తే నడకకు బాగా సరిపోతుంది. ఖరీదైన బ్రాండే కావాలని లేదు. డెకత్లాన్‌లో దొరికే మామూలు పలుచని ఫ్లీస్‌తో హిమాలయాలు చూసి వచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఎక్కడికి వెళ్తున్నారనేదాన్ని బట్టి జత మారుతుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరికి డిసెంబరులో తెల్లవారకముందు వెళ్తే పలుచనిది ఒక్కటి చాలు, ఎనిమిదింటికల్లా అదీ సంచిలోకి వెళ్లిపోతుంది. లంబసింగి సంగతి వేరు. దాని పాత పేరు కొర్రబయలు, బయట పడుకుంటే కర్రలా బిగుసుకుపోతారని అర్థం చెబుతారు. అక్కడికి జనం వెళ్లేది నడవడానికి కాదు, చీకట్లో నిలబడి మంచు చూడటానికి. ఆ పనికి పలుచని ఫ్లీస్ చాలదు, మీ అమ్మ చెప్పిన మందందే తీసుకెళ్లండి, గొంగడి ఉంటే మరీ మంచిది. కేదార్‌కంఠ లాంటి చోట రెండూ కలిసి వస్తాయి. శిఖరం 3,810 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకూ దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి సాంక్రి కంటే శిఖరం మీద పన్నెండు డిగ్రీలు తక్కువ, గాలి అదనం. నేనైతే నడకకు ఒక గ్రిడ్ ఫ్లీస్, శిబిరానికి పక్షుల మెత్తని ఈకలు నింపిన డౌన్ జాకెట్, రెంటికీ పైన గాలి చొక్కా పెట్టుకుంటాను. డౌన్ జాకెట్ కొనే స్థోమత లేకపోతే రెండు పలుచని ఫ్లీస్‌లు ఒకదానిమీద ఒకటి. ఒక మందం ఫ్లీస్ కన్నా రెండు పలుచనివి ఎప్పుడూ మేలు, రెంటి మధ్య ఇంకో గాలి పొర ఏర్పడుతుంది, ఒకటి తడిసినా ఇంకొకటి పొడిగా ఉంటుంది.

ఇంత జాగ్రత్తగా కొన్నా, వేసుకునే పద్ధతి తెలియకపోతే నా సాంక్రి అనుభవమే మీకూ ఎదురవుతుంది. బయల్దేరేటప్పుడు కాస్త చలి వేస్తూ ఉండాలి. పది నిమిషాల నడకకు ఒళ్లు కాగుతుంది. మొదటి చెమట చుక్క నుదుటిమీదికి రాకముందే జిప్పు దించాలి, అది చాలకపోతే ఫ్లీస్ విప్పేయాలి. గుంపు ఆగదేమో, ఆలస్యమవుతుందేమో అని మొహమాటపడతాం, ముఖ్యంగా మనవాళ్లు. మొహమాటం వద్దు, గైడుకు చెప్పండి, ఆగుతారు. విరామం దగ్గర దీనికి సరిగ్గా ఎదురు చేయాలి. సంచి దించగానే, నీళ్లు తాగకముందే, ఫొటో తీయకముందే ఫ్లీస్ తొడుక్కోవాలి. చలి వేశాక వేసుకుంటే అప్పటికే ఒంట్లో వేడి పోయి ఉంటుంది. ఇంకో మాట, శిబిరంలో మంట దగ్గరా స్టవ్ దగ్గరా ఫ్లీస్‌తో జాగ్రత్త. పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు చిల్లు పడటానికి.

తిరిగి వచ్చాక ఉతకడం దగ్గర చాలా ఫ్లీస్‌లు పాడవుతాయి. పాలిస్టర్ చెమట వాసన పట్టుకుని వదలదు కాబట్టి కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవం పోస్తాం. అది పోగుల మీద పూతలా పేరుకుని చెమట నీరు పాకే గుణాన్ని చంపేస్తుంది. వేడినీళ్లు, ఇస్త్రీ రెండూ నూగును అణిచేస్తాయి, నూగు అణిగితే గాలి నిలవదు. లోపలివైపు బయటికి తిప్పి, చన్నీళ్లలో, కొద్ది సబ్బుతో, జీన్స్ ప్యాంట్లతో కలపకుండా ఉతికితే చాలు. ప్రతి ఉతుకులోనూ ఫ్లీస్ నుంచి కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు రాలి నీళ్లలో కలుస్తాయి, మన దగ్గర ఆ నీళ్లు చివరికి మూసీలోకే వెళ్తాయి. అందుకే నేను ట్రెక్కు మొత్తానికి ఒక్కసారే ఉతుకుతాను, మధ్యలో బాల్కనీలో నీడన ఒక పూట ఆరేస్తాను. మన ఊరి గాలికి రెండు గంటల్లో ఆరిపోతుంది. మడతపెట్టి బీరువాలో అడుగున పెట్టకండి, బరువు కింద నలిగి నూగు చదునైపోతుంది. హ్యాంగర్‌కు తగిలించి ఉంచితే వచ్చే డిసెంబరుకు కూడా అది గాలిని అలాగే పట్టుకుంటుంది.